మెరవని మెడ

గిటార్ల మేస్త్రి కంటికి మనిషంటే రెండు భాగాలు. ఒకటి ఎడమ చెయ్యి, రెండోది మిగతాది. ఆ మిగతాదానితో ఆయనకు పెద్దగా పనిలేదు. ఎవరు ఎదురుపడినా జేబులోంచి జానెడు కర్రముక్క తీసి, వాళ్ల ఎడమ చేతిలో పెట్టి, "ఒక్కసారి పట్టుకు చూడండి" అంటాడు. పోస్టు తెచ్చినవాడికైనా అదే, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికైనా అదే. వాళ్లు పట్టుకు చూస్తారు. "జారుతోందా? అంటుకుంటోందా? వేడిగా ఉందా? నిజం చెప్పండి, నేనేమీ అనుకోను" అంటూ వెంటపడతాడు. దాంతో వీధివీధంతా ఆయనకు పట్టుకు చూడు మేస్త్రి అని పేరు పెట్టేసింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇంతకీ ఆ కర్రముక్కల కథ ఏమిటంటే, గిటారు మెడ చెక్కతో చేస్తారు. చెమట తగిలి నల్లబడకుండా, చెమ్మగాలికి ఉబ్బి వంకర పోకుండా దానిమీద ఏదో ఒక పూత ఉండాలి. వార్నీషో, లక్క పాలిషో, తేనెమైనమో, నూనో. పాత పూత అరిగిపోతే కొత్తది వేయించుకోవడానికి జనం మేస్త్రి దగ్గరికి వస్తారు. వేరే షాపుల్లో అయితే చేతికి దొరికిన డబ్బా మూత తీసి పూసి పంపేస్తారు. మేస్త్రి అలా కాదు. ముందు కర్రముక్క మీద పూస్తాడు. దాన్ని తను నాలుగు రోజులు చేత్తో పట్టుకు తిరుగుతాడు. తర్వాత ఊళ్లోవాళ్ల చేతుల్లో పెడతాడు. ఆ తర్వాత ఆలోచిస్తాడు. ఆలోచన తెగక మళ్లీ మొదటి డబ్బా దగ్గరికి వస్తాడు.

"వాయించేవాడి బొటనవేలు జన్మంతా కాపురం చేసేది దాని మీదేరా. చూసుకోకుండా సంబంధం ఖాయం చేసేస్తామా?" అంటాడు.

ఈ మాట వినేది బావమరిది. మేస్త్రి భార్యకు సొంత తమ్ముడు. షాపు ముందుగదిలో కౌంటరు దగ్గర కూర్చుని తీగలూ బెల్టులూ అమ్మేది అతను, వచ్చినవాళ్లకు తారీకులు చెప్పేదీ అతనే. తారీకు చెప్పడం అతని వంతు, అది దాటిపోయాక తిట్లు తినడం కూడా అతని వంతే. ఒకాయన గిటారు ఇచ్చి, ఎదురుచూసి ఎదురుచూసి, ఈలోపు ఫ్లూటు నేర్చేసుకున్నాడు. "దీనికైతే మెడ లేదు బాబూ, మీ బావ జోలికి రావక్కర్లేదు" అని చెప్పిమరీ పోయాడు. బావమరిది చురుకైనవాడు, పని తెలిసినవాడు. ఒకటే లోపం. కడుపులో ఏ మాటా దాగదు. పొద్దున విన్నది మధ్యాహ్నానికి నాలుగు వీధులు తిరిగి మళ్లీ అతని చెవికే వస్తుంది. "అవునా, నిజమా!" అని అతనే ఆశ్చర్యపోతాడు.

ఇక ఇంటి సంగతి. షాపు వెనకే ఇల్లు. ఆ ఇంట్లో చెక్కతో చేసినదేదీ మేస్త్రి పరీక్షలు తప్పించుకోలేదు. గరిటెల పిడులు, గొడుగు పిడి, స్టూళ్లు, మేడమెట్ల పక్కన పట్టుకునే కర్ర, అన్నింటికీ తలా ఒక పూత, తలా ఒక నంబరు. ఆ ఇంట్లో, "పదకొండో నంబరు ఎక్కడ పెట్టావు?" అంటే కూర కలిపే గరిటె అని అర్థం.

"ఒరే తమ్ముడూ, మీ బావ చీపురుకర్రకి కూడా వార్నీష్ కొట్టాడురా" అని ఒకరోజు అక్క లబలబలాడింది. "చేతిలో నిలిస్తే ఒట్టు. ఊడుద్దామని పట్టుకుంటే అదే ముందుకెళ్లిపోతోంది. దాని వెనకాల నేను పరిగెత్తాల్సి వస్తోంది!"

"ఏ చేత్తో పట్టుకున్నావు?" అని మేస్త్రి లోపలినుంచి ఆత్రంగా అడిగాడు.

"కుడి చేత్తో!"

"అయితే లెక్కలోకి రాదు" అన్నాడాయన. అక్క ఆ చీపురు అక్కడే పడేసి వెళ్లిపోయింది. మూడు రోజులు ఇల్లు ఊడ్చిన వాళ్లు లేరు.

ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర జరిగింది వింటే ఇంకా నవ్వొస్తుంది. మేస్త్రికి పన్ను నొప్పేమీ లేదు. అక్కడ కూర్చున్నవాళ్ల అరచేతులకు పట్టినంత చెమట ఊళ్లో ఇంకెవరి చేతులకూ పట్టదని ఆయనకు తట్టింది. అంతే, పది కర్రముక్కలు సంచిలో వేసుకుని వెళ్లి, వరసగా కూర్చున్నవాళ్లందరి చేతుల్లో తలా ఒకటి పెట్టాడు. లోపల మిషను జుయ్యిమన్నప్పుడల్లా అందరూ గట్టిగా బిగించి పట్టుకునేవారు. మేస్త్రి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవాడు. "నొప్పి అలాగే ఉందండీ" అని ఒక పెద్దాయన బుగ్గ పట్టుకుని చెప్పాడు. "పన్ను కాదండీ, కర్ర, కర్ర!" అన్నాడు మేస్త్రి. చీటీలిచ్చే అమ్మాయి ఆయన్ని బయటికి పంపేసింది. వారం తిరక్కుండా ఆ అమ్మాయే ఫోను చేసి, "ఆ కర్రల తాతగారు మళ్లీ రారా అండీ? ఇక్కడ పిల్లలు ఏడుస్తున్నారు" అని అడిగింది.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక సోమవారం పొద్దున ఒకావిడ గిటారు భుజాన వేసుకుని, చేతిసంచి పట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఇంటి దగ్గర పిల్లలకు గిటారు నేర్పుతానని చెప్పింది కాబట్టి ఆ రోజు నుంచి షాపులో ఆవిడ టీచరమ్మ అయింది.

"మెడ మీద వార్నీష్ అక్కడక్కడా లేచిపోయి, జిగటగా తయారైందండీ" అంది. "సరిగ్గా మూడు వారాల్లో ఒక స్కూల్లో సంగీతం టీచరు ఉద్యోగానికి పిలిచారు. హెడ్మాస్టరమ్మ ఎదురుగా కూర్చుని అరగంట వాయించాలి. ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం. అప్పటికి అయిపోతుందా?"

"మూడు వారాలా!" అని బావమరిది చిటికె వేశాడు. "నాలుగు రోజులు చాలండీ. అద్దంలా మెరిసేట్టు చేసి ఇస్తాం."

"ఎవరు చేసేది?" అంటూ వెనకగదిలోంచి మేస్త్రి వచ్చాడు. గిటారు వైపు చూడనైనా చూడలేదు. "ఎడమ చెయ్యి ఇలా ఇవ్వమ్మా."

టీచరమ్మ ఎడమ చెయ్యి సంచి కింద ఉంది. అది అక్కడినుంచి కదల్లేదు. "చెయ్యెందుకండీ? గిటారు ఇచ్చాను కదా" అంది.

మేస్త్రి ఆవిడ మొహం ఒకసారి, సంచి ఒకసారి చూశాడు. "సరే, అలా వెనకగదిలోకి రామ్మా. మెడ విప్పి చూపిస్తాను" అన్నాడు. పది నిమిషాల తర్వాత ఆవిడ బయటికి వచ్చింది. సంచిలోంచి ఒక కర్రముక్క తొంగిచూస్తోంది. బావమరిది నెత్తి కొట్టుకున్నాడు.

అక్కణ్ణుంచి మొదలు. రెండు రోజులకొకసారి టీచరమ్మ కర్రముక్క తెచ్చివ్వడం, వెనకగదిలో మేస్త్రితో గుసగుసగా మాట్లాడటం, ఇంకో కర్రముక్క పట్టుకుని వెళ్లడం. బావమరిదికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"ఏమీ అనుకోకండమ్మా. మా బావ పనిమంతుడే గాని, ఏదీ తేల్చడు" అనేవాడు.

"అయ్యో, పరవాలేదండీ" అని ఆవిడ నవ్వేది. ఇంత ఓర్పు ఉన్న మనిషిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదని అతను అక్కతో చెప్పాడు. ఎదురు షాపు టైలరు దగ్గరికి వెళ్లి అతనితోనూ చెప్పాడు.

ఈసారి మేస్త్రి పిచ్చి కూడా బాగా ముదిరింది. కర్రముక్కను ఎడమ అరచేతికి గుడ్డతో కట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. భోజనానికి కూర్చున్నా అదే, బజారుకెళ్లినా అదే. స్నానం చేసేటప్పుడు ఆ చెయ్యి తలుపు బయట పెట్టి చేసేవాడు. పలకరించడానికి వచ్చిన వియ్యంకుణ్ణి కౌగిలించుకోబోయి కర్రతో డొక్కలో పొడిచాడు. ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"ఏవండీ, ఆ చేత్తో నా చెయ్యి ఎప్పుడైనా పట్టుకు చూశారా ఇన్నేళ్లలో?" అని అక్క అడిగింది.

"నీ చెయ్యి ఏ పూతా లేకుండానే బాగుందిగా" అన్నాడు మేస్త్రి. అక్క ఆ పూటకు తిట్టడం మానేసింది.

పద్నాలుగో రోజున బావమరిది ఇక ఉండబట్టలేకపోయాడు. "బావా, ఇంకా వారమే ఉంది. ఆవిడ మెడ సంగతి ఏం తేల్చావు?"

"తేలిపోయిందిరా. పూయడం కూడా అయిపోయింది. ఆరుతోంది."

బావమరిది పరుగున వెళ్లి చూశాడు. కిటికీ పక్కన కొక్కేనికి మెడ వేలాడుతోంది. మెరుపు లేదు, రంగు లేదు. అప్పుడే రంపం కింద నుంచి తీసినట్టు పాలిపోయిన చెక్క. "ఏం పూశావు బావా? ఇక్కడేమీ లేదే!"

"ఉంది. నీ కంటికి కనబడదు" అని మేస్త్రి తన పని చూసుకున్నాడు.

బావకు మతి చలించిందని బావమరిదికి ఆ నిమిషంలో రూఢి అయిపోయింది. చెక్కకు గాలి పూసి ఆరబెట్టాడు మహానుభావుడు! ఆవిడ ఆ పాలిపోయిన మెడ పట్టుకుని హెడ్మాస్టరమ్మ ముందు కూర్చుంటే ఉద్యోగం వస్తుందా? అతనికి ఆ పూట అన్నం సయించలేదు. నిజంగానే ఆవిడ మీద జాలేసింది.

మర్నాడు మేస్త్రి చెక్క కొనడానికి మిల్లుకు వెళ్లాడు. ఇదే అదనుగా బావమరిది వెనకగదిలో దూరి, బీరువా పైనుంచి స్ప్రే వార్నీష్ డబ్బా దింపాడు. పొద్దున ఒక పూత, మధ్యాహ్నం ఒకటి, మూడింటికి ఇంకొకటి. నిజం చెప్పుకోవాలంటే పని బాగా కుదిరింది. మెడ తళతళలాడిపోయింది. అందులో మొహం చూసుకుని క్రాపు కూడా సరిచేసుకున్నాడు.

సాయంత్రం మేస్త్రి గుమ్మంలో అడుగుపెడుతూనే ఆగిపోయాడు. వాసన తగిలింది. వెనకగదిలోకి వెళ్లి మెడను చూశాడు. దింపి చూశాడు. మళ్లీ తగిలించాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్న బావమరిది మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ వచ్చింది. ఆవిడకూ వాసన తగిలింది. గబగబా లోపలికి వచ్చి, మెరిసిపోతున్న మెడను చూసి తెల్లబోయింది. "ఏమిటండీ ఇది? మళ్లీ ఆ వార్నీషేనా?"

బావమరిది నోరు తెరిచేలోగా మేస్త్రి అందుకున్నాడు. "నేనేనమ్మా. డబ్బా చూసుకోకుండా తీసేశాను. వయసు మీద పడింది కదా."

బావమరిది గుడ్లప్పగించి చూశాడు. కళ్లకు గంతలు కట్టినా మూత వాసన చూసి ఏ డబ్బా ఏదో చెప్పే మనిషి బావ. అలాంటివాడు బావమరిది తప్పును నెత్తినేసుకుని, తలవంచుకుని నిలబడ్డాడు.

"ఇంకా వారం కూడా లేదు కదండీ!" అంటూ టీచరమ్మ సంచి సంగతి మరిచిపోయి రెండు చేతులూ చాచింది. "ఇప్పుడిప్పుడే చెయ్యి మానుతోంది. దీంతో మళ్లీ మొదటికొస్తుంది."

అప్పుడు చూశాడు బావమరిది ఆవిడ ఎడమ చెయ్యి. బొటనవేలి మొదలు నుంచి అరచెయ్యి సగం దాకా ఎర్రగా పొక్కి, పొరలు పొరలుగా చర్మం లేచిపోయి ఉంది. అంచుల్లో మాత్రం కొత్త చర్మం వస్తోంది. అతను చూస్తున్నాడని గమనించి ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోబోయి, మళ్లీ ఊరుకుంది.

"అంటుకునేదేమీ కాదండీ" అంది మెల్లగా. "నాకు ఆ వార్నీష్ పడదు. వాయిస్తే చెమటకు అది కరిగి చేతికి పట్టేస్తుంది. డాక్టరు గారు అదే చెప్పారు. కాని పిల్లల తల్లులు నమ్మలేదు. మా పిల్లలకూ వస్తుందేమోనని ఒక్కొక్కరే మానిపించేశారు. పదకొండు మంది ఉండేవారు, ఇప్పుడు ఇద్దరు. స్కూల్లో కూడా చెయ్యి చూశారంటే ఇంకేముంది? అందుకే ఎవరికీ చెప్పొద్దని మేస్త్రిగారిని మొదటి రోజే బతిమాలుకున్నాను. మీకు కూడా."

బావమరిదికి ఒక్కొక్కటే అర్థమైంది. వెనకగదిలో గుసగుసలు, మార్చి మార్చి ఇచ్చిన కర్రముక్కలు, బావ అరచేతికి గుడ్డకట్టు. ఏ పూతైనా ముందు తన చేతికి కట్టుకుని చూసి, ఏమీ కాదనుకున్నాకే ఆవిడ చేతికి ఇచ్చాడు. మూడోది ఆవిడకు మంట పుట్టించిందట. అయిదోది ఏమీ చెయ్యలేదట. అది ఉత్త అవిసెగింజల నూనె. తొందరగా ఆరడానికి కలిపే మందులేవీ అందులో లేవు. అందుకే అది మెరవదు, అందుకే దానికి అన్ని రోజులు కావాలి. ఇంతకాలం వీధంతా ఆయన్ని చూసి నవ్వుతూ ఉంటే, ఆవిడ చెయ్యి వైపు ఒక్కరి చూపూ పోలేదు. తనేమో ఆవిడ వచ్చినప్పుడల్లా బావ తరపున క్షమాపణలు చెప్పుకున్నాడు.

"బావ కాదండీ! నేను వేశాను. మూడు పూతలూ నేనే!" అనేశాడు.

మేస్త్రి విసుక్కున్నాడు. "చూశావామ్మా, ఈ నోటికి భయపడే వీడికి చెప్పలేదు." తర్వాత ఒక ఉప్పుకాగితం కట్ట తీసి బావమరిది ఒళ్లో పడేశాడు. "కూర్చో. నూనె చెక్క లోపలికి దిగింది, దానికేమీ కాలేదు. పైన నీ అద్దం అంతా పోవాలి. పొరే కాదు, వాసన కూడా ఉండకూడదు."

రెండు రోజులు బావమరిది తల ఎత్తలేదు. రుద్దాడు, తుడిచాడు, మళ్లీ రుద్దాడు. చేతులు బొబ్బలెక్కాయి. చివరికి మేస్త్రి మెడకు ముక్కు ఆనించి చూసి, "ఊఁ" అన్నాడు. నూనెగుడ్డతో ఒక్క పలచని పూత వేసి కొక్కేనికి తగిలించాడు. ఇక మూడు రోజులు బావమరిదే దానికి కాపలా. ఎండ ఎటు జరిగితే మెడనటు జరిపాడు. గంటకోసారి వేలితో తాకి చూశాడు. ఇంట్లో దుమ్ము లేవడానికి వీల్లేదన్నాడు.

"అక్కా, ఊడవకు."

"ఎన్నాళ్లు?"

"మూడు రోజులు."

"ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను దేవుడా" అంది అక్క. "నా వైపువాడు కూడా ఆయనతో కలిసిపోయాడు!"

పరీక్షరోజు పొద్దున టీచరమ్మ మెడ పట్టుకు చూసింది. పైకీ కిందికీ చెయ్యి జరిపింది. కళ్లు తుడుచుకుంది. సాయంత్రం నాలుగింటికి పరుగెత్తుకుంటూ వచ్చి ఉద్యోగం వచ్చిందని చెప్పింది. అరగంట అన్నది కాస్తా గంట వాయించిందట. అప్పటికి సంగతి తెలిసిన అక్క ఒళ్లో ఎడమ చెయ్యి పెట్టి, "చూడండి, ఎర్రబడనైనా లేదు" అంది. మేస్త్రి అటు తిరిగి, అవసరం లేని మేకులన్నీ సీసాలో వేసుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. పది రోజుల తర్వాత కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ గొడుగు టకటకలాడించుకుంటూ షాపులోకి వచ్చింది.

"మా స్కూల్లో కొత్తగా చేరిన సంగీతం టీచరు గిటారు బాగుచేసింది ఇక్కడేనా?"

హెడ్మాస్టరమ్మ! బావమరిది లేచి నిలబడ్డాడు. "అవునండీ."

"కాస్త సిగ్గనిపించలేదా మీకు? ఆ మెడ మీద ఒక పూత లేదు, ఒక మెరుపు లేదు. ఉత్త చెక్క! పాపం ఆ అమ్మాయికి నోరు లేదు. అడిగితే 'బాగానే ఉంది మేడమ్' అంటుంది. నోరులేనివాళ్లు దొరికితే పని సగంలో వదిలేసి పంపించేస్తారా?"

జవాబు బావమరిది నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆ పూత ఎంత గొప్పదో, దానికోసం ఎవరి చెయ్యి ఎన్నాళ్లు కట్టు కట్టుకుని తిరిగిందో ఒక్క నిమిషంలో చెప్పేయగలడు. చెబితే బావ పరువు నిలబడుతుంది. టీచరమ్మ చెయ్యి సంగతి బయటపడుతుంది. అతని గొంతులో మాట పైకి వచ్చింది, కిందికి పోయింది, మళ్లీ వచ్చింది. జన్మలో మొదటిసారి అతను ఒక మాట మింగాడు. మింగడం ఎంత కష్టమో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పొరపాటేనండీ" అన్నాడు. "సగంలో ఆపేశాం."

"ఎవరు చేశారా పని?"

"నేనే!" అని బావమరిదీ, వెనకగదిలోంచి మేస్త్రీ ఒక్కసారే అరిచారు.

"ఇద్దరు కలిసి చేస్తే సగమైందా!" అని హెడ్మాస్టరమ్మ నోరెళ్లబెట్టింది.

ఇంతలో ఇంట్లోంచి అక్క గరిటెతో సహా ఊడిపడింది. "ఎవరండీ మీరు మా ఆయన్ని అనడానికి? అనడానికి ముప్పై ఏళ్లుగా నేను లేనూ?" బావమరిది అడ్డంపడి, అక్కను నెమ్మదిగా లోపలికి నెట్టి, గడియ పెట్టాడు.

హెడ్మాస్టరమ్మ గొడుగు ఎత్తి చూపించింది. "వచ్చే సోమవారం నేనే ఆ గిటారు తెచ్చిస్తాను. పూర్తి చేసి పెట్టండి. మెరవాలి!" అని చెప్పి వెళ్లిపోయింది.

బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. "ఇప్పుడెలా బావా? మెరిస్తే ఆ చెయ్యి ఏమైపోతుంది? మెరవకపోతే ఈవిడ మళ్లీ వస్తుంది."

మేస్త్రి వచ్చి పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "మెడ పైన, తీగలు బిగించే తలకాయ ఉందిగా? అరచెయ్యి అక్కడిదాకా పోదు. దానికి కొడదాం మెరుపు. అమ్మాయి చెయ్యి అమ్మాయికి ఉంటుంది, హెడ్మాస్టరమ్మ కళ్లు కూడా చల్లబడతాయి."

"అబ్బ, బతికించావు! అయితే సోమవారం తెస్తే గురువారానికి ఇచ్చేద్దామా?"

"గురువారమా?" అని మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "పాపం ఎంత మంచావిడ, వేరేవాళ్ల కోసం అంత దూరం నడిచొచ్చి మనల్ని తిట్టింది. కళ్లజోడు చూశావు కదా, ఎంత మందంగా ఉందో. ఏ మెరుపైతే ఆ కళ్లకు గుచ్చుకోకుండా ఉంటుందో ముందు చూసుకోవాలిరా."

తలుపు అవతల గడియ తియ్యమని అక్క దబదబా బాదుతోంది. బావమరిది నవ్వుకుంటూ లేచి, బీరువా పైనున్న డబ్బాలన్నీ వరసగా దింపడం మొదలుపెట్టాడు.